ఉత్తర సర్కారులు - రంబోల్డు దొరపై విచారణ

అధికారము చేతనున్నవారు అక్రమములు చేయుట, అవి బయల్పడుట, చట్టసభలు విచారణకు గడంగుట - ఇవి యనగానే మనకు అమెరికా దేశము జ్ఞప్తికి వచ్చును. వాటర్‌గేటు వ్యవహారమున అధ్యక్షుడు నిక్సను 1974 ఆగస్టు 9వ తేదీన పదవి విడువవలసి వచ్చెను. అయితే ఇట్టి విచారణల చరిత్రలో మన ఏలూరు సీమకును ఒక పుట కలదు.

ఏలూరు, కొల్లేటి తీరము, తాడేపల్లిగూడెపు ప్రాంతము నాడు ఉత్తర సర్కారులలోనివి. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలము ఈ సర్కారులను కుంపిణీకి ఫర్మానా మూలమున నొసగెను. మరుసటి యేట నిజాముతో సంధి కుదిరెను. దేశము చేజిక్కినది గాని, పంట యెంత, జమీందారు రైతునుండి రాబట్టునది ఎంత, అందులో కుంపిణీకి చెల్లించునది ఎంత యన్న లెక్క దొరలకు తెలియదు. ఆ లెక్క తేల్చుటకై, సీమలు తిరిగి విచారించు 'సర్క్యూటు కమిటీ'ని నియమింపుడని 1775లో లండను డైరెక్టర్లు ఉత్తరువు చేసిరి.

1778 ఫిబ్రవరిలో థామస్ రంబోల్డు చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చెను. వచ్చిన కొలదికాలమునకే ఆ కమిటీని రద్దుచేసి, జమీందారులే చెన్నపట్టణము వచ్చి తమ పేష్కషు తేల్చుకొనవలెనని ఆజ్ఞాపించెను. ఏలూరునుండి అచటికి సుమారు 300 మైళ్లు. రైళ్లు లేని కాలము. అప్పులలో మునిగిన జమీందారులకు ఆ ప్రయాణము మరింత భారము. ఊరిలో పదిమంది యెదుట జరుగవలసిన లెక్క దూరనగరమున గవర్నరు గదిలోనికి పోయెను. జమీందారు చేసిన వ్యయము తుదకు రైతు కళ్లములోనుండి రావలసినదే గదా!

విజయనగరము సంగతి మరింత రచ్చకెక్కినది. విజయరామరాజునకు ఇష్టము లేకున్నను, ఆయన అన్న సీతారామరాజునే దివానుగా నిలిపిరి. గవర్నరు ఆంతరంగిక కార్యదర్శియైన రెడ్‌హెడ్డునకు సీతారామరాజు లక్షరూపాయ లిచ్చుటకు ఒప్పుకొన్నట్లు పిమ్మట పత్రము బయల్పడెను. గవర్నరు జీతభత్యములు ఏటికి 20,000 పౌనులకు మించవు. అతడు రెండున్నరయేండ్లలో స్వదేశమునకు పంపిన సొమ్ము 1,64,000 పౌనులని అభియోగము. అది పూర్వము బెంగాలులో ఆర్జించినదని అతని పక్షమువారి సమాధానము.

1781లో డైరెక్టర్లు రంబోల్డును కొలువునుండి తొలగించిరి. 1782లో హెన్రీ డండాసు పార్లమెంటులో అతనిపై దండన బిల్లు తెచ్చెను. మంత్రివర్గములు మారెను, సభ్యుల ఉత్సాహము సన్నగిల్లెను. 1783లో బిల్లు మూలబడెను. నేరము రుజువు కాలేదు, నిర్దోషియనియు తేలలేదు. రంబోల్డు మరల పార్లమెంటు సభ్యుడై, 1791లో మరణించెను. రద్దయిన సర్క్యూటు కమిటీని మాత్రము 1783లో తిరిగి నెలకొల్పిరి.

పిమ్మట వారన్ హేస్టింగ్సు వంతు వచ్చెను. 1787లో కామన్సుసభ అతనిపై అభియోగము మోపెను. ఆ యేడే ఫిలడెల్ఫియాలో అమెరికనులు తమ రాజ్యాంగమును వ్రాసికొనుచుండిరి. అధ్యక్షుని తొలగించుటకు రాజద్రోహము, లంచము అను రెండే కారణములు చాలవని సెప్టెంబరు 8వ తేదీన జార్జి మేసను వాదించుచు హేస్టింగ్సును ఉదాహరించెను. అంతట 'ఇతర మహాపరాధములు, దుష్ప్రవర్తనలు' అను మాటలు చేరినవి. నిక్సనుపై 1974 జూలైలో ప్రతినిధిసభ న్యాయసంఘము ఆమోదించిన అభియోగములకు ఆధారము ఆ మాటలే. భారతదేశపు కుంపిణీ పాలన నేర్పిన పాఠము ఆ విధముగ అమెరికా రాజ్యాంగమున నిలిచినది.

ఈ రెండు విచారణలకును భేద మెచట? నిక్సను మాటలు టేపులలో నిలిచియున్నవి; వానిని అప్పగింపవలసినదేయని సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. రంబోల్డు విషయమున లెక్క వ్రాయవలసిన కమిటీయే ముందుగ రద్దయినది. విచారింపవలసిన సభయో అలసిపోయినది. కనుక పాలకులు మొట్టమొదట దేనిని రద్దుచేయుదురో ప్రజలు కనిపెట్టి యుండవలెను. రద్దయినది లెక్కలు చూచు సంఘమైనచో, మిగిలిన కథను ఊహించుట కష్టము కాదు.