పక్కింటి కాగితంలో మన ముత్తాత

గోదావరి జిల్లాల్లో ఏ పాత మండువా లోగిలి దగ్గర ఆగి అడిగినా “రెండొందల ఏళ్ల నాటిదండీ” అంటారు. కొంచెం తగ్గించి వినాలి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. కాలువ నీళ్లొచ్చి, వరి పండి, చేతిలో డబ్బాడాకే డెల్టా పల్లెల్లో టేకు స్తంభాల లోగిళ్లు జోరుగా లేచాయి. పల్లెల్లో బెంగుళూరు పెంకు అని పిలిచే మంగళూరు పెంకుకు తొలి కార్ఖానాను బాసెల్ మిషన్ వాళ్లు పెట్టింది 1865లో. పెంకు తిప్పి చూస్తే కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. దానితో కప్పు వయసు తెలుస్తుంది గానీ గోడల వయసు తెలియదు.

ఇక కాగితాలు. పొలానికైతే అడంగల్ ఉంది. ఇల్లేమో ఊరి నివాస స్థలమైన గ్రామకంఠంలో ఉంటుంది, అక్కడ పూర్వం ఇంటింటికీ పట్టా ఉండేది కాదు. ఊరి లెక్కలు రాసే కరణాన్ని అడుగుదామంటే ఆ ఉద్యోగాలే 1984లో పోయాయి. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే కంప్యూటరు 1983 దాకానే వెనక్కి వెళుతుంది. అంతకు ముందుది పాత పుస్తకాల్లో వెతికించాల్సిందే.

ఇల్లు సుఖంగా ఉన్నన్నాళ్లూ దాని గురించి ఎవరూ అక్షరం రాయలేదు, అప్పు చేసినప్పుడే రాశారు. తాకట్టు దస్తావేజులో నుయ్యి, గాదె, దూలాలు, తలుపులు, పెరట్లో కొబ్బరిచెట్లు అన్నీ వస్తాయి. అంతకన్నా విలువైనవి హద్దులు. మన కాగితం చెదలు తినేసినా, పక్కింటివాళ్ల దస్తావేజులో పడమటి హద్దుగా మన ముత్తాత పేరు ఉండొచ్చు. తర్వాతి దస్తావేజులో అదే హద్దుకు కొడుకు పేరుందంటే ఈలోగా ఆయన పోయాడు, లేదా పంపకాలయ్యాయి.

ఆడపిల్లల పేర్లు మాత్రం అరుదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ జన్మహక్కు ఇచ్చిన రాష్ట్ర సవరణ 1985లో గానీ అమల్లోకి రాలేదు. భర్త పోయిన కోడలు మనోవర్తి కాగితంలో కనిపిస్తుంది: ఏటా ఇన్ని బస్తాల ధాన్యం, బతికున్నంతకాలం ఉండటానికి ఒక గది. అంత పెద్ద లోగిలిలో ఆవిడకు మిగిలింది అదీ!

అన్నదమ్ములు విడిపోతే మండువా నడిమికి గోడ లేచేది. నాలుగు వాలుల వాననీళ్లు పడే ముంగిలి రెండైతే, నీళ్లు బయటికిపోయే తూము ఒకరి వాటాలోనే పడుతుంది. అందుకే భాగపరిష్కార దస్తావేజు దొరికితే ముందు తూము, నుయ్యి, నడవ ఎవరికి రాశారో చూడాలి. ఆ తర్వాత ఇంట్లో పెద్దావిడను కదిలించాలి. ఏ తోడికోడలు ఎప్పుడు వేరు పొయ్యి పెట్టిందో ఆవిడకు తెలుసు. సంవత్సరం అడిగితే తడబడొచ్చు. 1996 తుఫానుకు ముందా, తర్వాతా అని అడగండి.