పెరటి దానిమ్మకు వరాహమిహిరుడి వైద్యం

కాసే చెట్టుమీద కత్తి పెట్టాలంటే మనకి ఓ పట్టాన చెయ్యి రాదు. మనుబోలులో మా పెరటి దానిమ్మ మా అత్తయ్య పుట్టింటినుంచి తెచ్చి నాటుకున్నది. ముదిరిపోయి, సగం కొమ్మలు ఎండి, కాయలు నిమ్మకాయలంతే వస్తున్నా, "దానిమీద కత్తి పెట్టబాకమ్మా" అని ఆవిడ అడ్డం నిలబడింది. గూడూరు నిమ్మతోటల్లో పనిచేసే ముసలాయన నవ్వి, "నరకడం వేరు, కత్తిరించడం వేరు తల్లీ" అన్నాడు.

ఆ తేడా మనవాళ్లకి పదిహేను వందల ఏళ్లనాడే తెలుసు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయం ఉంది. చలీ, గాలీ, ఎండా తగిలి జబ్బు చేస్తే చెట్టు ఆకులు పాలిపోతాయట, కొమ్మలు ఎండుతాయట, రసం కారుతుందట. అప్పుడు ముందు కత్తితో శుభ్రం చేసి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పట్టించి, పాలు కలిపిన నీళ్లు పొయ్యాలి. కోసి ఊరుకోమనలేదు, గాయానికి మందూ చెప్పాడన్నమాట!

ఇప్పుడు ఆ నెయ్యికి బదులు బోర్డో పేస్టు పూస్తున్నారు. దాని కథా తమాషాయే. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు, దారిన పోయేవాళ్లు ద్రాక్షపళ్లు కోసుకోకుండా రోడ్డుపక్క తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకే బూజు తెగులు రాలేదని 1882లో మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. 1885లో ఆ మందు సంగతి లోకానికి చెప్పాడు. దొంగల భయంతో చల్లింది చెట్లకి వైద్యమైంది!

మరి కోసిన కొమ్మలో? దానికీ వరాహమిహిరుడే జవాబు చెప్పాడు. దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలంవంటి వాటి కొమ్మలకి పేడ పూసి నాటమన్నాడు. గింజ వేస్తే తల్లిచెట్టు రుచి వస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మ నాటితే అదే చెట్టు, అదే రుచి.

ఈ మాట చెప్పగానే అత్తయ్య మెత్తబడింది. "మా అమ్మా పేడ పూసే ఇచ్చింది ఈ కొమ్మని" అంది.

తెగులు పట్టినవి కాల్చేశాం. ఉత్త ఎండుపుల్లలు నీళ్లపొయ్యిలోకి పోయాయి. పెన్సిలంత లావున్న మంచి కొమ్మల్ని జానెడు ముక్కలు చేసి నాటాం. రెండు బతికాయి. ఒకటి ఆడపడుచు తీసుకెళ్లింది, ఒకటి మా అమ్మాయి.

పెరట్లో చెట్టు పొట్టిదైంది గానీ, అత్తయ్య పుట్టిల్లు ఇప్పుడు మూడిళ్లలో చిగురేస్తోంది.