రట్గర్స్ ఎరుపు: ఒక ఫుట్‌బాల్ సంప్రదాయం, దాని మరపు

న్యూజెర్సీలో ఎడిసన్, పిస్కాటవే పరిసరాలలో స్థిరపడిన తెలుగువారికి శరత్కాలపు శనివారాల ఎరుపు పరిచితమే. రట్గర్స్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆడే రోజున రారిటన్ నదికి ఆవలి గట్టున, పిస్కాటవేలో ఉన్న 52,454 మంది పట్టే స్టేడియం వైపు ఎర్ర చొక్కాలు బారులు తీరతాయి. మన పిల్లలు కొందరు ఆ గుంపులో ఉంటారు. ఆ ఎరుపుకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కొంత పాటగా, కేకగా, విగ్రహంగా నిలిచింది. కొంత చాలాకాలం మరుగున పడింది. ఏ జట్టు సంప్రదాయమైనా ఈ రెండింటి సమ్మేళనమే.

1869 నవంబరు 6న, నదికి ఇవతల న్యూ బ్రన్స్‌విక్‌లో, రట్గర్స్ విద్యార్థులు ప్రిన్స్‌టన్ విద్యార్థులతో తలపడ్డారు. జట్టుకు 25 మంది. రట్గర్స్ నాయకుడు విలియం లెగెట్. ప్రిన్స్‌టన్ నాయకుడు విలియం గమ్మీర్, తరువాతి కాలంలో న్యూజెర్సీ ప్రధాన న్యాయమూర్తి. చూడవచ్చినవారు సుమారు వందమంది. అప్పటికి క్రీడాదుస్తులు లేవు. ఎవరు ఏ పక్షమో తెలియడానికి రట్గర్స్ విద్యార్థులు ఎర్రటి గుడ్డలను తలపాగాలుగా చుట్టుకున్నారు. ఆడేవారే కాక, ప్రోత్సహించ వచ్చినవారు కూడా చుట్టుకున్నారు. క్రీడాకారుడి రంగే అభిమాని రంగు కావడం ఇక్కడ మొదటి ఆటతోనే ఆరంభమైంది. రట్గర్స్ 6-4 తేడాతో గెలిచింది. వారం తరువాత ప్రిన్స్‌టన్‌లో జరిగిన రెండవ ఆటలో 8-0తో ఓడిపోయింది.

దీనివల్లనే రట్గర్స్ తనను కళాశాలల ఫుట్‌బాల్ జన్మస్థలంగా చెప్పుకుంటుంది. అయితే ఆ నాటి ఆటను నేటి ప్రేక్షకుడు పోల్చుకోలేడు. బంతిని చేతబట్టి పరుగెత్తడం, విసరడం నిషిద్ధం. కాలితో తన్నవచ్చు, చేతితో కొట్టవచ్చు. అది సాకర్‌కు దగ్గరి ఆట. జట్టుకు 11 మంది, బంతి ఒక పక్షం అధీనంలో ఉండగా ఆట ఆరంభం కావడం వంటి నియమాలను యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ 1880లో ప్రవేశపెట్టాడు. కనుక 1869లో పుట్టినది నేటి ఆట కాదు. రెండు కళాశాలల మధ్య ఫుట్‌బాల్ పోటీ అనే ఆచారం.

ఆ ఒక్క గెలుపును రట్గర్స్ అంతగా తలచుకోవడానికి మరో కారణం ఉంది. ప్రిన్స్‌టన్‌ను మళ్ళీ ఓడించడానికి దానికి 69 ఏళ్లు పట్టింది. 1938లో పిస్కాటవేలో కొత్త స్టేడియం కట్టుకుని, నవంబరు 5న 20-18తో గెలిచింది. అదే స్థలంలో నేటి స్టేడియం 1994లో వెలిసింది. ఈ మధ్యకాలంలో సంప్రదాయాలు కూడా మారాయి. 1873లో పుట్టిన రారిటన్ గీతం కళాశాల గీతమైంది. 1925 నుండి జట్టుకు చిహ్నంగా ఉన్న కోడిపుంజును ప్రత్యర్థులు పిరికితనానికి గుర్తుగా ఎగతాళి చేయడంతో, విద్యార్థులు 1955లో ఎర్ర యోధుణ్ణి ఎన్నుకున్నారు.

ఈ కథలో పాల్ రోబ్సన్ స్థానం ప్రత్యేకమైనది. అభ్యుదయ సాహిత్యంతో పరిచయమున్న తెలుగు పాఠకులు ఆయనను గాయకుడిగా ఎరుగుదురు. 1898లో ప్రిన్స్‌టన్ పట్టణంలోనే పుట్టాడు. తండ్రి బానిసత్వం నుండి పారిపోయి వచ్చి మతబోధకుడైనవాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఆనాడు నల్లజాతి విద్యార్థులను చేర్చుకునేది కాదు. రోబ్సన్ 1915లో ఉపకార వేతనంతో రట్గర్స్‌లో చేరాడు. జట్టు ఎంపికకు వెళ్లిన తొలిరోజులలో సహవిద్యార్థులే కొట్టి ముక్కు విరగగొట్టారు. అయినా వెనుదిరగలేదు. 1917, 1918 సంవత్సరాలలో ఆల్-అమెరికా గౌరవం పొందాడు. నాలుగు క్రీడలలో విశ్వవిద్యాలయానికి ఆడాడు. 1919లో తన తరగతికి పట్టభద్రోపన్యాసకుడయ్యాడు.

1916 అక్టోబరులో కళాశాల తన 150వ వార్షికోత్సవం జరుపుకుంటున్నది. 14వ తేదీన వర్జీనియా నుండి వాషింగ్టన్ అండ్ లీ జట్టు వచ్చింది. నల్లజాతివాడు మైదానంలో ఉంటే ఆడబోమన్నది. రట్గర్స్ తలవంచింది, రోబ్సన్ బయట కూర్చున్నాడు. మరుసటి ఏడాది వెస్ట్ వర్జీనియా అదే కోరినప్పుడు శిక్షకుడు ఫాస్టర్ శాన్‌ఫర్డ్ నిరాకరించాడు. ఒకే శిక్షకుడు, ఒకే ఆటగాడు, రెండు నిర్ణయాలు. తలవంచడం ఆనాటి అనివార్యత కాదని రెండవ నిర్ణయమే చెబుతున్నది.

వృత్తి ఫుట్‌బాల్‌లోనూ ఇదే కథ విస్తృతంగా జరిగింది. కొలంబియాలో న్యాయశాస్త్రం చదువుతూనే రోబ్సన్ 1921లో ఆక్రన్ ప్రోస్‌కు, 1922లో మిల్వాకీ బ్యాడ్జర్స్‌కు ఆడాడు. ఆ రెండవ ఏటనే ఆ సంఘం నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అన్న నేటి పేరు తీసుకుంది. తొలి ఏళ్లలో నల్లజాతి ఆటగాళ్లకు చోటిచ్చిన ఆ లీగ్‌లో 1934 నుండి 1945 వరకు ఒక్కరు కూడా లేరు. తలుపు మొదట తెరిచే ఉంది, తరువాత మూశారు.

రోబ్సన్ రాజకీయాభిప్రాయాల కారణంగా అమెరికా ప్రభుత్వం 1950లో ఆయన పాస్‌పోర్టును రద్దు చేసింది. 1958 వరకు తిరిగి ఇవ్వలేదు. ఆ 1958లోనే భారతదేశంలో నెహ్రూ ప్రోత్సాహంతో ఆయన షష్టిపూర్తి ఉత్సవాలు జరిగాయి. స్వదేశంలో ఆయన క్రీడాకీర్తికి తగిన గుర్తింపు ఆలస్యమైంది. 1976లో మరణించిన రోబ్సన్‌కు కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 1995లో గాని దక్కలేదు. నేడు పిస్కాటవేలోని బుష్ ప్రాంగణంలో, స్టేడియం ఉన్న ప్రాంగణంలోనే, ఆయన పేరిట సాంస్కృతిక కేంద్రం ఉంది.

సంప్రదాయం మారదనే వాదన రట్గర్స్ విషయంలో నిలవదు. కోడిపుంజు పోయి యోధుడు వచ్చాడు. పురుషులకే పరిమితమైన పాత గీతపు మాటలను 2013లో స్త్రీలనూ కలుపుకునేలా సవరించారు. ఆటలో గాయపడి పక్షవాతానికి గురైన ఎరిక్ లెగ్రాండ్ ధరించిన 52వ సంఖ్యను ఆ ఏడాదే ఇక ఎవరికీ ఇవ్వకుండా గౌరవించారు. గెలుపులకే కాక వేదనకు కూడా సంప్రదాయంలో చోటుంటుందని ఆ నిర్ణయం చూపింది.

1869 విజయాన్ని ఏటేటా తలచుకునే చోట 1916 అక్టోబరు 14ను కూడా తలచుకోవడం న్యాయం. ఒక విద్యాసంస్థను తమదిగా చేసుకున్న వలస కుటుంబాలకు దాని గర్వం ఎంత వారసత్వమో, దాని అపరాధం కూడా అంతే. ఎర్ర చొక్కా కొనుక్కునే మన పిల్లలకు తలపాగాల కథ చెప్పేటప్పుడు, ఆ ఎరుపు ధరించే అర్హత ఉండీ ఒక శనివారం బయట కూర్చోబెట్టబడిన యువకుడి కథ కూడా చెప్పాలి.