ఒంటి అక్షరపు మాటలు

అక్షరముల బిళ్ళలు పేర్చి మాటలు కూర్చు ఆట పిల్లలకును పెద్దలకును ప్రియమైనదే. ఆ ఆటలో తగవు పెద్ద మాటల యొద్ద రాదు. ఎవరో ‘మా’ యను ఒక్క బిళ్ళను పెట్టి, ‘ఇది లక్ష్మీదేవి పేరు’ అన్నప్పుడు వచ్చును. అట్టి మాట చెల్లునా, చెల్లదా? ఇది కేవలము ఆటకు సంబంధించిన ప్రశ్నగా తోచును గాని, మన సారస్వత చరిత్రలో దీనికి గట్టి వేళ్ళే కలవు.

ఇట్టి ఆటలలో లోకమెల్ల నెరిగినది స్క్రాబుల్. ఆర్థికమాంద్యపు రోజులలో పని కోల్పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అను అమెరికా వాస్తుశిల్పి దానిని 1930ల దశకమున కల్పించెను. వార్తాపత్రికలలో ఏ అక్షరము ఎన్నిమారులు వచ్చునో లెక్కించి, అతడు బిళ్ళల సంఖ్యను నిర్ణయించెను. 1948లో దానికి నేటి పేరు వచ్చినది. ఇంగ్లీషున బిళ్ళకు ఒక వర్ణము చాలును. తెలుగున హల్లు అచ్చుతో కూడినగాని అక్షరము కాదు. కృష్ణకు దక్షిణపుటొడ్డున, విజయవాడ కెదురుగా నున్న తాడేపల్లి పేరును ఇంగ్లీషు బిళ్ళలతో కూర్చవలెనన్న తొమ్మిది కావలెను. తెలుగున తా, డే, ప, ల్లి అను నాలుగే చాలును. కనుక అక్కడ రెండు వర్ణముల మాట చేయు పనిని ఇక్కడ ఒంటి అక్షరమే చేయగలదు.

అట్టి మాటలు మనకు కొదువ కావు. ‘రా’, ‘పో’ అని రోజూ అనుచునే యున్నాము. ‘రే’ యనగా రాత్రి. కనుకనే చంద్రుడు రేరాజు. ‘మై’ యనగా దేహము. మైపూత యందు కలదు. ‘చే’ యనగా చేయి, ‘వే’ యనగా వేయి. ఇవి అచ్చ తెలుగు మాటలు. సంస్కృతము నుండి వచ్చినవి మరికొన్ని. ‘ఖ’ ఆకాశము, అందు సంచరించునది ఖగము. ‘మా’ లక్ష్మి, ఆమె భర్త మాధవుడు. ‘గో’ యన్న ఒక్క మాటకే ఆవు, భూమి, వాక్కు, కిరణము అను అర్థములు కలవు. ఇట్టివానిని చేర్చి పూర్వులు ఏకాక్షర నిఘంటువులనే కూర్చిరి.

ఈ నిఘంటువులు ఎవరికి అక్కరకు వచ్చినవి? అవధానులకు వచ్చినవి. తిరుపతి వేంకట కవులు ఊరూర అవధానములు చేసి ఆ విద్యకు జనాదరణ కల్పించిరి. 1885లోను, 1887లోను జన్మించిన కొప్పరపు సోదర కవులు ఈ ప్రత్తి, మిరప పొలముల సీమవారే. రెండు జంటల నడుమ స్పర్ధ తీవ్రముగా నడచినది. అవధానమున వ్యస్తాక్షరి యను అంశము కలదు. పృచ్ఛకుడు ఒక వాక్యపు అక్షరములను వరుస తప్పించి, ఏది ఎన్నవదో చెప్పుచు, నడుమ నడుమ అందించును. కవి వానిని మనసున పేర్చుకొని తుదకు వాక్యమును ఒప్పగించును. ఇది బిళ్ళలు లేని బిళ్ళల ఆటయే.

నిషిద్ధాక్షరి ఇంకను కఠినము. కవి ఒక అక్షరము పలికినంతనే, తరువాత రాగలదని తోచిన అక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. కవి ‘మా’ యనెను అనుకొందము. మాధవుని ఊహించి పృచ్ఛకుడు ‘ధ’ వలదనును. అప్పుడు ‘మా’ యన్నది తనంత తాను అర్థము గల మాట యైననే కవి బ్రతుకును. ఛందస్సు ఒప్పినచో ‘మారమణుడు’ అని సాగిపోవును. అక్షరము మారినది, విష్ణువు మారలేదు. ఒంటి అక్షరపు అర్థము తెలియనివాడు అక్కడనే ఆగిపోవును.

తాడేపల్లి నుండి ఒడ్డు వెంబడి ఎగువకు పోయినచో అమరావతి వచ్చును. అచ్చటి స్తూపపు రాతిపలక తునుకపై ‘నాగబు’ అను మూడక్షరములు కలవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని తెలుగు మాటగా గుర్తించిరి. ‘నాగ’ సంస్కృతమే, చివరి ‘బు’ మాత్రము మన ‘వనంబు’, ‘ధనంబు’ లందలి ప్రత్యయమునకు పూర్వరూపమని తలపు. కాదు, అది ప్రాకృతమందలి ఒక వ్యక్తి పేరులోని తునుక కావచ్చునని మరికొందరు పండితుల అభిప్రాయము. తరువాతి అక్షరము ‘ద్ధ’ యైనచో అది నాగబుద్ధుడు వంటి పేరు కాగలదు. రాయి విరిగినది; ప్రక్క బిళ్ళ దొరకలేదు. లభించిన తెలుగు మాటలలో మొదటిది ఏదియను వాదము ఒక్క ‘బు’ మీద నిలిచియున్నది.

కాబట్టి ‘మా’ యను బిళ్ళ పెట్టినవారిని గెలిచిరనియో, మోసగించిరనియో వెంటనే అనవలదు. ‘దీని అర్థమేమి? ఏ మాటలో కలదు?’ అని అడుగుడు. ‘లక్ష్మి, మాధవుడు అన్న మాటలో కలదు’ అని చెప్పగలిగినచో గుణములు వారివే. చెప్పలేనిచో నిఘంటువు తెరచి అందరు కలిసి వెదకుడు. ఆట ఒక నిమిషము ఆగును. ఇంటికి ఒక మాట దక్కును.