భూమిని తెచ్చిన ఎండ్రకాయ

మధ్య భారత గోండుల సృష్టి కథలో మొదట అంతా నీరే. మట్టి కోసం ఎగిరిన కాకికి ఎండ్రకాయ సాయపడింది. నీటి అడుగుకు దిగి, మట్టి మింగిన వానపామును పట్టి కక్కించింది. సాలీడు నీళ్లపై గూడు అల్లితే, దానిమీద ఆ మట్టిని పరిచారు. ఎండ్రకాయ బురద తోడటం, వానపాము మట్టి తిని ముద్దలుగా వదలటం దగ్గరగా చూసినవాళ్లకే ఇలాంటి కథ తోస్తుంది.

ఈ కథలను పాడి నిలిపినవాళ్లు ప్రధాన్లు. మన ఆదిలాబాద్‌లో వాళ్ల చేతిలో కిక్రి, మండ్లా వైపు బానా. ఆ మండ్లా ప్రాంతంలోని పాటన్‌గఢ్‌లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లలో భోపాల్‌లోని భారత్ భవన్‌కు చేరాడు. పాటల్లోని దేవుళ్లను, అడవి జీవాలను చుక్కలతో, గీతలతో కాగితంపైకి తెచ్చాడు. 1989లో ఆయన బొమ్మలు పారిస్‌లో ప్రదర్శించారు. 2001లో జపాన్‌లో చనిపోయేనాటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు ఆ బొమ్మలను ఫోన్లో చూసి దించేవాళ్లు మనలోనూ ఉన్నారు. చేయి బాగానే తిరిగింది. కానీ ఎండ్రకాయకు ఎన్ని కాళ్లని అడిగితే తడబడతారు. డెక్కలతో కలిపి పది. వానలు పడగానే వాగు ఒడ్డుకు వెళ్లి లెక్కపెట్టండి.