రక్షకభటుల యెన్నిక – శీలపరీక్ష



మన సంఘ వార్షిక మహాసభా సంచికకై చరిత్ర విషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరియున్నారు. పూర్వుల ప్రశస్తిని వర్ణింపగలవారు మనలో పెక్కురు గలరు. పోలీసు ఉద్యోగము నపేక్షించి తెల్లవారుజామున బాటలవెంట పరుగు నభ్యసించు యువకులును మన గ్రామములలో పెక్కురు గలరు. కావున ప్రజారక్షకుని నెన్నుకొనుటకు మన దేశమున నేయే కాలములందు నేయే పరీక్షలు జరిగినవో విన్నవించుట యుక్తమని తోచినది.

ఈ విషయమున ప్రాచీనమైన సాక్ష్యము కౌటిల్యుని అర్థశాస్త్రము. చిరకాలము మరుగుపడియుండిన యీ గ్రంథము 1905వ సంవత్సరమున మైసూరులో ఆర్. శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909లో అచ్చుపడినది. అందు అమాత్యుల శీలమును శోధించుటకు ధర్మోపధ, అర్థోపధ, కామోపధ, భయోపధ యని నాలుగు పరీక్షలు చెప్పబడినవి. ఉపధ యనగా కపటపరీక్ష. రాజు సేనాపతిని తొలగించినట్లు నటించును. ఆ సేనాపతి గూఢచారుల మూలమున ఒక్కొక్క యమాత్యునికి ధనాశ చూపి రాజద్రోహమునకు పురికొల్పును. లొంగనివాడు అర్థోపధయందు శుద్ధుడు. ఇట్లే పురోహితుని నడుమ నుంచి, రాజు అధార్మికుడని చెప్పించి, ధర్మోపధ జరుపుదురు.

ఇందు గమనింపదగిన విశేషమొకటి గలదు. ధనమునకు లొంగనివారిని కోశమునకు సంబంధించిన పదవులందు నియమింపుమనిన కౌటిల్యుడు, ధర్మోపధయందు శుద్ధులైనవారిని న్యాయనిర్ణయమునందును కంటకశోధనమునందును నియమింపుమనెను. కంటకములనగా ప్రజలను బాధించు దొంగలు, మోసగాండ్రు మున్నగువారు. కావున నేటి పోలీసుపనికి సన్నిహితమైన యధికారమునకు ధర్మబుద్ధియే ప్రథమార్హత యని యాతని యాశయము. మరియు, రాజుగాని రాణిగాని యీ కపటములకు లక్ష్యము కారాదనియు, నిర్దోషియైన మనస్సును శోధనపేరిట చెరచినచో నది మరల పూర్వస్థితికి రాకపోవచ్చుననియు నాతడే హెచ్చరించెను. ఆశ చూపి పరీక్షించుటలో గల యపాయమును ఆ పరీక్షలు చెప్పినవాడే యెరిగియుండెను. అయితే యీ పరీక్షలు పెద్ద యుద్యోగులకే గాని సామాన్యభటులకు గావు.

మన పల్లెలలో తలారి, కావలివాడు అనువారు వంశపారంపర్యముగా మాన్యము ననుభవించుచు ఊరు కాచుచుండిరి. వారికి వేరు పరీక్ష లేదు, పుట్టుకయే నియామకము. అయినను జవాబుదారి లేకపోలేదు. పోయిన సొత్తును పట్టియీయనిచో నష్టమును కావలివాడే యిచ్చుకొను నాచారము పలుతావుల నుండెను.

కుంపిణీ ప్రభుత్వమువారు చెన్నరాజధానిలో 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను మూలమున పోలీసు అధికారమును కలెక్టరు క్రింద తాసీల్దారుల కప్పగించిరి. పన్ను వసూలు చేయు చేయియు, నేరస్థుని పట్టు చేయియు నొకటే యయ్యెను. తత్ఫలితము 1855లో వెలువడిన చిత్రహింసల విచారణ సంఘమువారి నివేదికయందు కనబడును. శిస్తు బకాయి రాబట్టుటకును, నేరము నొప్పించుటకును రైతులను హింసించుట కలదని యా సంఘమువారు నిర్ధారించిరి. అనంతరము 1859వ సంవత్సరపు 24వ చట్టముచే పోలీసుశాఖ రెవిన్యూనుండి వేరుపడినది. విలియం రాబిన్సను దానికి ప్రథమాధిపతి.

శాఖ వేరుపడినంతమాత్రమున మనుష్యులు మారలేదు. 1902-03లో ఆండ్రూ ఫ్రేజరుగారి యధ్యక్షతను దేశమంతట విచారించిన పోలీసు కమిషనువారు, శిక్షణలోపమును, లంచగొండితనమును, ప్రజాపీడనమును నిర్మొగమాటముగా చెప్పిరి. కానిస్టేబులు కనీస వేతనము నెలకు 8 రూపాయలు గావలెననియు, సబిన్‌స్పెక్టర్లను విద్యావంతులనుండి నేరుగా నెన్నుకొనవలెననియు, శిక్షణపాఠశాలలు నెలకొల్పవలెననియు వారు సూచించిరి. కడుపు నిండని కూలి యిచ్చి నిజాయితీ నాశించుట వ్యర్థమని దీని సారాంశము.

నేడు మన రెండు తెలుగు రాష్ట్రములందును నియామక మండలులు గలవు. వ్రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, పరుగు మున్నగునవి జరుగును. తెలంగాణమున 2022వ సంవత్సరపు ప్రకటనలో పురుషులకు సామాన్యముగా 167.6 సెంటీమీటర్ల యెత్తు విధింపబడెను. దేహమును కొలబద్దయు, పరుగును గడియారమును, చదువును ప్రశ్నపత్రమును కొలుచును. శీలమును కొలుచున దేది?

బడిపంతులుగా చిరకాలము గడపిన నాకు శీలపత్రములు వ్రాయుపని సుపరిచితము. అందరికిని నొకే వాక్యముతో నిచ్చు పత్రము ఎవ్వరి గుణమును తెలుపజాలదు. కావుననే ప్రభుత్వమువారు అభ్యర్థిచేతనే పూర్వవృత్తాంతమును వ్రాయించుకొని, దానిని విచారించి సరిచూతురు. నీపై కేసులు గలవా, అరెస్టయితివా యను ప్రశ్నలు అందుండును. ఇది కౌటిల్యుని యుపధ వలె కపటము గాదు. సత్యము చెప్పుదువా లేదా యనునదే యిచట పరీక్ష.

2016వ సంవత్సరమున అవతార్ సింగు వ్యాజ్యములో సుప్రీముకోర్టువారు దీనిని గూర్చి విస్పష్టముగా తీర్పునిచ్చిరి. అభ్యర్థి చెప్పునది సత్యమై యుండవలెను, దాచరాదు. చిన్నవయసున జరిగిన స్వల్పనేరమును దాచినను అధికారులు విచక్షణతో దానిని ఉపేక్షింపవచ్చును. నిజము చెప్పినను పూర్వవృత్తమును పరిశీలించు హక్కు వారికి గలదు. ఉద్యోగమిచ్చి తీరవలెనని నిర్బంధము లేదు. దీనివలన తేలునదేమి? తగాదాలో నమోదైన చిన్న కేసు మన్నింపబడవచ్చును; దానిని దాచిన యబద్ధమే యువకుని భవిష్యత్తును చెరుపవచ్చును. ‘వ్రాయకుము, ఎవరికి తెలియును?’ అని సలహా యిచ్చు పెద్దలే వానికి శత్రువులు.

కావున సంఘ పోషకులకు నా విన్నపము. మనవాడను నభిమానముతో సిఫారసు ఉత్తరములు వ్రాయుట మానుడు. ఆ యుత్తరముతో ప్రవేశించినవాడు ప్రజలకు గాక ఉత్తరము వ్రాసినవానికి ఋణపడును. ఆ శ్రమను పేదవిద్యార్థుల వసతిగృహమునకును, గ్రంథాలయమునకును, తర్ఫీదు తరగతులకును వినియోగింపుడు. దరఖాస్తు నింపునపుడు చదువెరిగిన పెద్ద యొకరు ప్రక్కన గూర్చుండి ప్రతి ప్రశ్నకును నిజమే వ్రాయునట్లు చూచినచో, మన సంఘము చేయగల యుపకారములలో నదియు నొకటి యగును.

యువకులారా! ధరింపబోవు దుస్తులు ఖాకీవి. వాటిని చూచి అన్ని కులముల పేదవాడును ధైర్యము నొందవలెను. అట్టి యర్హత మీకు కలుగుగాక యని కోరుచు విరమించుచున్నాను.