కత్వల కింది మూసీ

తుంగతుర్తికి చేరువలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రం పక్కగా పారే బిక్కేరు వాగు మూసీకి ఉపనది కాగా, అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదును దాటి, సూర్యాపేటకు పడమటగా సాగి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నదిని మురికి చేసినదీ, బాగుచేయాలని చూస్తున్నదీ నగరమే కాబట్టి మూసీ చరిత్రను నగరం వైపు నుంచి రాయడమే అలవాటైంది. పరివాహక ప్రాంతాన్ని, అనగా కురిసిన వాన పల్లం పట్టి ఏటికి చేరే మొత్తం నేలను లెక్కలోకి తీసుకుంటే, ఆ చరిత్రలో దిగువ పల్లెలకూ చోటు దక్కుతుంది.

1208 నాటి ఎరకేశ్వరాలయం ఉన్న పిల్లలమర్రిని కేంద్రంగా చేసుకొని ఈ దిగువ సీమను ఏలిన రేచర్ల రెడ్లు, తమ ప్రభువులైన కాకతీయుల మాదిరిగానే, గుడి, ఊరు, చెరువు అనే మూడింటినీ ఒకే పనిగా చూశారు. ఆ కాలంలో విస్తరించిన గొలుసుకట్టు పద్ధతిలో ఎగువ చెరువు నిండితే మత్తడి, అనగా కట్ట తెగకుండా మిగులు నీరు పొర్లిపోయేందుకు రాతితో కట్టిన అలుగు, దూకి ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. ఒక కట్ట తెగితే ఆ బరువంతా కింది కట్ట మీద పడటం కూడా ఈ పద్ధతిలోనే ఉంది.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన వరదలో జరిగినది అదే. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరం ఒడ్డున ఆగకుండా పరివాహక ప్రాంతమంతటినీ పరిశీలించి, అక్కడ 788 చెరువులున్నాయనీ, అంటే సుమారుగా చదరపు మైలుకొకటి చొప్పున ఉన్నాయనీ, వాటిలో 221 తెగాయనీ లెక్కతేల్చారు. నగరంలో గట్లు, ఉద్యానాల సంగతి కూడా ఆయన చెప్పినప్పటికీ, అసలు చికిత్స ఎగువన నీటిని నిలపడమేనని నిర్ణయించడం వల్ల 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. ఆ రెండింటి చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111వ జీవోకు ఆధారం కూడా ఈ ఎగువ చూపే. 2022లో 69వ జీవోతో ఆ ఆంక్షలు తొలగించడం దానికి నీళ్లొదలడమే.

ఎగువ నీరు జలాశయాల్లో ఆగి నగరపు మురుగు నదిలోకి చేరుతూ వచ్చిన కొద్దీ, వేసవిలో కూడా ఎండని మూసీ ఒకటి దిగువన తయారైంది. నదికి అడ్డంగా కట్టి, ప్రవాహాన్ని పక్క కాలువల్లోకి మళ్లించే పొట్టి రాతి ఆనకట్టలను ఇక్కడి రైతులు కత్వలు అంటారు. వరి కోసం కట్టిన ఈ పాత కత్వల వెనక నీరు నెమ్మదించి మడ్డి అడుగుకు దిగుతుంది, రాళ్ల మీదుగా దూకేటప్పుడు నీటికి గాలి తగులుతుంది. నగరం దిగువన సుమారు 40 కిలోమీటర్ల మేర నీటిని పరీక్షించిన పరిశోధకులు ఒక్కో కత్వ దాటిన కొద్దీ సేంద్రియ మలినాలు, పేగు పురుగుల గుడ్లు తగ్గుతున్నట్లు గమనించారు. అయితే నీటిలో కరిగిన లవణాలను కత్వ ఆపలేదు గనుక అవి కాలువల వెంట పొలాలకు చేరతాయి. కత్వలు చేసే ఈ ఊడిగం ఏ శుద్ధి ప్రణాళికలోనూ పద్దుగా కనిపించకపోవడం విడ్డూరమే.

సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు సూర్యాపేట రైతులకు కత్వలు దాటి వచ్చిన ఈ నీటినే అందిస్తుంది. 2019 అక్టోబరులో దాని గేటు ఒకటి కొట్టుకుపోయి నిల్వనీరు దిగువకు పోయింది. ఇక చెరువుల సంగతికొస్తే, 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం వాటి పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తరలించింది. సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట మినీ ట్యాంక్‌బండ్ అయింది. కట్ట సొగసు నలుగురి కంటా పడేది కనుక దానికి నిధులు తేలిగ్గానే వస్తాయి. చెరువుకు నీరు తెచ్చే కాలువలనూ, శిఖం భూములనూ, అనగా నీరు నిండినప్పుడు మునిగి ఎండినప్పుడు బయటపడే నేలనూ, గొలుసుతో కొలిచి హద్దురాళ్లు పాతడం సర్వేయర్లకూ రెవెన్యూ పటాలకూ చెందిన పని. అది సగంలో ఆగినచోట పూడిక తీసిన చెరువు కూడా వాన పడినా నిండదు.